పురికొస అల్లిక, వేపపూత

జ్వరం తగ్గిన పదో రోజున కార్ఖానాలో నా చేతిలోంచి కత్తెర జారిపడింది. వంగి తీసుకున్నాను. మళ్ళీ పడింది. నేను జీన్స్ ప్యాంట్లకు నడుము పట్టీలు కుట్టేదాన్ని. పక్క మిషను మీద కూర్చునే ఆమె నవ్వి, "ఏందక్కా, కత్తెరకు నెయ్యి రాసుకోనొచ్చినావా?" అంది. నేనూ నవ్వాను. సాయంత్రం ఆటో ఎక్కబోతే కాలు లేవలేదు. మర్నాడు పొద్దున మంచం దిగుతూ నేల మీద కూలబడ్డాను.

ఆస్పత్రిలో మూడు వారాలున్నాను. డాక్టరు ఓపికగా విడమరిచి చెప్పాడు. జ్వరాన్ని తరిమేసిన ఒంటి కాపలావాళ్ళు, పని అయిపోయాక కూడా కర్రలు దించకుండా, సొంత నరాల మీదే పడ్డారట. నరాల పైపొర దెబ్బతింది. తిరిగి వస్తుంది కానీ నిదానంగా వస్తుంది. తొడలు, భుజాలు ముందు తేరుకుంటాయి, వేళ్ళు చివరికి. ఎంతవరకు తేరుకుంటాయో మాత్రం ఇప్పుడే చెప్పలేనన్నాడు.

ఆ జబ్బుకు పరాయి దేశపు డాక్టర్ల పేర్లు కలిపి పెట్టారు. దాన్ని కాగితం మీద రాసిమ్మన్నాను. ఎందుకమ్మా అన్నాడు. లైబ్రరీలో చూసుకుంటానన్నాను. నా కేసు కాగితంలో చదువు ఏడో తరగతి అని రాసి ఉన్న చోటును ఆయన ఒకసారి చూసి, పెద్ద అక్షరాలతో రాసిచ్చాడు.

ఏడో తరగతి నిజమే. అదీ కన్నడంలో. నేను పుట్టిన ఊరు తారానగర్‌లో మా బడిలో తెలుగు లేదు. ఇంట్లో బైబిలు చదవడం రావాలని మా నాయన పలక మీద దిద్దించిన అక్షరాలే నా తెలుగు చదువు. మిగతాదంతా లైబ్రరీలో సంపాదించుకున్నది. పెళ్ళయి బళ్ళారిలో బ్రూస్‌పేటకు వచ్చాక, కార్ఖానాకు సెలవు దొరికినప్పుడల్లా లైబ్రరీకి నడిచేదాన్ని. తెలుగు పుస్తకాలకు అక్కడ ఒక్కటే బీరువా. మూడేళ్ళలో ఆ బీరువా అయిపోయింది. కన్నడ బీరువాల వైపు తిరిగాను. తర్వాత నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషు పుస్తకాలు మొదలుపెట్టాను, బొమ్మలు ఎక్కువగా ఉన్నవి. తేనెటీగల మీద, కుమ్మరి పని మీద, ఓడలు కట్టడం మీద. బళ్ళారిలో ఓడతో నాకేం పని? అయినా చివరి పేజీ దాకా చదివాను. ఇప్పుడు అక్కడి కౌంటరు దగ్గర కూర్చునే ఆయన, ఎవరైనా పుస్తకం దొరకలేదంటే నన్ను అడగమని చెప్తాడు. ఇది గొప్ప చెప్పుకోవడమే. ఈ ఒక్కదాన్నీ చెప్పుకోనివ్వండి.

పూల అలంకరణ పుస్తకం కూడా అక్కడ దొరికిందే. దళసరి అట్ట, లోపల రంగుల ఫోటోలు. పువ్వు ఎత్తు పాత్ర ఎత్తుకు ఎన్నింతలుండాలో, కాడను ఏటవాలుగా ఎందుకు కోయాలో, పెద్ద పువ్వు కింద ఎందుకుండాలో అంతా ఉంది. మాది పాత క్రైస్తవ మిషను సంఘం. రాతి గోడల గుడి. పదకొండేళ్ళ కిందట ఒక ఈస్టరుకు పూలు పెట్టేవాళ్ళు ఊళ్ళో లేకపోతే, ఆ పుస్తకం ధైర్యంతో నేను పెడతానన్నాను. అప్పటినుంచి ఆ పని నాదే. ఈస్టరు ఆదివారం తెల్లవారుజామున సంఘమంతా సమాధుల తోటకు పోయి కొవ్వొత్తులు వెలిగించి, పాటలు పాడి, సూర్యుడు పొడిచేసరికి గుడికి వస్తారు. ఆ లోపల నేను గుడిలో ఐదు పాత్రల్లో పూలు నిలబెట్టి ఉంచాలి. చీకటితో పూల అంగడికి పోయి తెచ్చి, సన్నటి తీగతో కాడలు కట్టి, గంటలో ముగించేదాన్ని. జనం లోపలికి వస్తూ గడప దగ్గర ఒక్క క్షణం ఆగుతారు. ఏడాదంతా నడుము పట్టీలు కుట్టే మనిషికి ఆ క్షణం చాలా పెద్దది.

డిసెంబరుకు కర్ర పట్టుకుని నడిచాను. సంక్రాంతి సెలవులు అయ్యేసరికి కర్ర వదిలేశాను. చేతులు మాత్రం మణికట్టు దగ్గరే ఆగిపోయాయి. చెయ్యి ఎత్తగలను, కానీ బొటనవేలు చూపుడువేలిని కలవదు. గ్లాసును రెండు అరచేతుల మధ్య ఇరికించి ఎత్తేదాన్ని. అన్నిటికంటే కష్టమైంది పుస్తకంలో పేజీ తిప్పడం. మణికట్టుతో తోస్తే ఒకేసారి పది పేజీలు తిరిగేవి. మా ఆయన లారీలకు బాడీ కట్టే షెడ్డులో పనిచేస్తాడు. సాయంత్రం వచ్చి కాళ్ళు కడుక్కుని, నా పక్కన కూర్చుని పేజీలు తిప్పేవాడు. ఆయన చదవడు. ఎంతసేపటికి ఒక పేజీ అవుతుందో ఆయనకు అంచనా లేదు. నేను సగంలో ఉండగా తిప్పేసేవాడు, లేదా అయిపోయాక కూడా గోడ మీది బల్లిని చూస్తూ ఉండిపోయేవాడు. ఒకరోజు, "ఇంత సన్నక్షరాల్లో ఏముంటాదిమే రోజూ?" అని అడిగాడు. తేనెటీగల సంగతి చెప్పాను. అప్పటినుంచి పేజీ తిప్పే ముందు ఏం జరిగిందో చెప్పించుకునేవాడు.

ఆస్పత్రిలో వ్యాయామం నేర్పే ఆమె రబ్బరు బంతి ఇచ్చి పూటకు వందసార్లు నొక్కమంది. ఇరవైకే నాకు ఏడుపు వచ్చేది.

అట్లా నొక్కుతున్నప్పుడు ఒకరోజు పెద్దమ్మ వచ్చింది. ఆమె నాకు చుట్టం కాదు. మిషను బడిలో పంతులమ్మగా చేసి ఎప్పుడో రిటైరయింది. ఎనభై దాటిన మనిషి. సంఘంలో అందరికీ పెద్దమ్మే. కాసేపు చూసి, "బంతి పిసికితే ఏమొస్తాదే? రేప్పొద్దున కూడా అది బంతిగానే ఉంటాది. ఏదన్నా ఒకటి తయారు కావల్ల. అప్పుడు చెయ్యి మాట వింటాది" అంది. సంచిలోంచి నీలం ఊలు ఉండ, రెండు ఇనుప సూదులు తీసి నా ఒళ్ళో పెట్టింది.

చిన్నప్పుడు బోర్డింగులో ఆమెకు ఈ అల్లిక నేర్పింది విదేశాల నుంచి వచ్చిన టీచరమ్మలు. బళ్ళారిలో ఉన్నవి రెండే కాలాలు, ఎండాకాలం, మండేకాలం అని మేమంతా అనుకునే మాట. ఇట్లాంటి ఊళ్ళో స్వెట్టరు నేర్పినవాళ్ళ తెలివిని ఏమనాలి అని ఆమే నవ్వేది. కానీ అప్పుడే పుట్టిన బిడ్డకు ఏ ఊళ్ళో అయినా తల కప్పాలి కదా. యాభై ఏళ్ళుగా ఆమె కాన్పుల ఆస్పత్రికి టోపీలు అల్లి ఇస్తోంది.

నాకు అలవాటైన పనే చేశాను. మా ఆయనను లైబ్రరీకి పంపి అల్లిక పుస్తకం తెప్పించుకున్నాను. అందులో సూదిని ఏ వేలి మీదుగా, ఎంత వాలుగా పట్టాలో బాణం గుర్తులున్నాయి. పెద్దమ్మ పద్ధతి వేరు. ఒక సూదిని చంకలో ఇరికించుకుంటుంది, రెండోది మాత్రమే ఆడుతుంది. పుస్తకంలో అట్లా లేదు పెద్దమ్మా అన్నాను. ఆమె తన వరస ముగించి, కళ్ళజోడు పైకి తోసుకుని, "నువ్వు బుక్కును అల్లుతాండావా, ఊలునా?" అని అడిగింది.

ఫిబ్రవరి మొదట్లోనే ఎండ ముదిరింది. చెమటకు ఊలు అరచేతులకు అంటుకునేది, ఇనుప సూది మాత్రం జారిపోయేది. సూది మీద ఉండే ఒక్కో ఉచ్చును పెద్దమ్మ కన్ను అంటుంది. పది కన్నులు ఎక్కిస్తే ఏడు రాలిపోయేవి. మా ఆయన ఇదంతా మంచం మీదినుంచి చూసి, షెడ్డులో పడి ఉన్న పాత వెదురు నిచ్చెన మెట్టును చీల్చి, గరుకు కాగితంతో రుద్ది, వేలంత లావు సూదులు రెండు చేసుకొచ్చాడు. ఆ లావుకు ఊలు మరీ సన్నమైపోయింది. సామాన్ల కట్టలకు చుట్టి వచ్చే పురికొసను ఉండగా చుట్టి అదీ తెచ్చాడు. పెద్దమ్మ దాన్ని వేళ్ళతో నలిపి చూసి, జారదు, మంచిదే అంది. ఒక సూదిని నా చంకలో ఇరికించి, నా చెయ్యి మీద తన చెయ్యి వేసి మొదటి వరస తానే నడిపించింది. ఆమె చెయ్యి ఎండుటాకులాగా తేలిక.

పది రోజులకు జానెడు గుడ్డ తయారైంది. గుడ్డ అనడం దాని మీది ప్రేమ కొద్దీ. రాలిన కన్నులు కన్నులుగానే ఉండిపోయి, ఒకచోట వేలు దూరేంత, ఒకచోట పిడికిలి దూరేంత సందులు. మా ఆయన దాన్ని లాంతరులాగా పైకెత్తి వెలుతురులో చూశాడు. "ఏమ్మే, ఇది టోపీనా, జల్లెడనా?" అన్నాడు.

ఆయన ఆ రోజు కూరెకుప్ప ఊరి దగ్గర ఆగిపోయిన లారీని చూడడానికి పోయి, వస్తూ దారి పక్కన పూసిన మోదుగ కొమ్మ ఒకటి విరుచుకొచ్చాడు. మాటల్లోనే నా జల్లెడను చెంబు మూతి మీద పరిచి, అంచులు కిందికి లాగి, మోదుగ కొమ్మను ఒక సందులో గుచ్చాడు. వేళాకోళానికి చేసిన పని. కొమ్మ వాలలేదు. పురికొస దాన్ని చుట్టూ పట్టుకుంది. నేను లేచి చెంబును అటూ ఇటూ కదిపి చూశాను. ఇంకో రెమ్మను రెండు అరచేతుల మధ్య పట్టుకుని పక్క సందులోకి దించాను. అదీ నిలబడింది. తీగ చుట్టనక్కర్లేదు, ముడి వెయ్యనక్కర్లేదు, వేళ్ళతో పట్టనక్కర్లేదు. జబ్బు పడ్డాక నా అంతట నేను నిలబెట్టిన మొదటి పువ్వు అది.

ఆ తర్వాత రెండు నెలలు మా వీధి కిటికీలో ఎప్పుడూ ఏదో ఒకటి పూసి ఉండేది. మా ఆయన పనికి పోయిన దిక్కునుంచి ఏది దొరికితే అది తెచ్చేవాడు. తంగేడు, గన్నేరు, కానుగ, వేపపూత. పూసిన మోదుగ సాయంత్రానికి రాలిపోతుంది, మొగ్గల కొమ్మ తెస్తే మూడు రోజులు విచ్చుకుంటూనే ఉంటుంది. కానుగ నాలుగు రోజులు ఆగుతుంది. వేప ఐదు రోజులు ఆగి, ఇల్లంతా వాసన నింపి పోతుంది. రాయడానికి చెయ్యి రాదు కనుక ఇవన్నీ మనసులోనే రాసుకున్నాను. పొద్దున పురికొస అల్లిక, సాయంత్రం కిటికీలో పూలు. సందులు చిన్నవవుతూ వచ్చాయి. మార్చి మధ్యలో ఒకరోజు వరస మొత్తం ఒక్క కన్నూ రాలకుండా పూర్తయింది. పెద్దమ్మ లెక్క పెట్టి, ఇంకోసారి లెక్క పెట్టి, కాఫీ పెట్టమని మా ఆయనను కేకేసింది.

అయినా వేళ్ళు మాత్రం ఇంకా కలవలేదు. అల్లిక అంతా మణికట్టుతో, అరచేతులతో నడిచేది.

ఈస్టరు మూడు వారాలుందనగా గుడిలో స్త్రీల కూటం పెట్టారు. పాటల బృందంలో పాడే ఒకామె ఉంది. ఇంగ్లీషు మీడియం బడిలో టీచరు, నాకంటే పదిహేనేళ్ళు చిన్నది, చురుకైన మనిషి. ఈసారి పెళ్ళి మంటపాలు అలంకరించేవాళ్ళకు పని అప్పగిద్దామని ఆమె అంది. గుడ్డ పూలు, థర్మకోలు కమాను, అంతా వాళ్ళే తెచ్చి నిలబెట్టి పోతారు. ఫోన్లో ఫోటోలు కూడా చూపించింది. అందరూ నా వైపు చూడకుండా ఫోన్ వైపు చూశారు.

"అక్కా, సుమ్మనే, ఊరికే నీకు శ్రమ ఎందుకని అంటాండా" అంది ఆమె. ఆ గొంతులో కల్లాకపటం లేదు. అందుకే నాకు ఇంకా ఎక్కువ గుచ్చుకుంది. ఈ ఒక్క ఏడాది ఆ కమాను అక్కడ నిలబడితే, వచ్చే ఏడాది ఎవరూ కూటం కూడా పెట్టరు. నా చేతులు పనికిరావని అందరూ మర్యాదగా ఒప్పుకున్నట్టే.

పెద్దమ్మ చివరి బల్ల మీద టోపీ అల్లుకుంటోంది. తల ఎత్తకుండానే, "ఆమె చేతులు. ఆమెనే అడుగు" అంది.

నేను చేస్తానన్నాను. పాతలాగా గంటలో చెయ్యలేను కనుక పూలు శనివారం మధ్యాహ్నమే కావాలన్నాను. టీచరు సరే అంది. ఒకవేళ కుదరకపోతే అని మొదలుపెట్టి, ఆపేసింది.

ఆ మూడు వారాల్లో ఐదు పురికొస వలలు అల్లాను. ఒక్కొక్కటీ ఒక్కో గంగాళం మూతికి సరిపోయేట్టు. శనివారం మూడు గంటలకు మొదలుపెట్టాం. అంగడి నుంచి జెర్బెరాలు, గ్లాడియోలస్, గులాబీలు తెప్పించాను. పుస్తకంలో ఉన్నవాటికి దగ్గరగా మా ఊళ్ళో దొరికేవి అవే. కిటికీలో పెట్టుకున్న వేప, కానుగ నాకు గుర్తుకు కూడా రాలేదు. అవి ఇంటి అభ్యాసానికి, ఇవి గుడికి అనుకున్నాను. మా ఆయన ఒక్కో కాడ అందించాడు, నేను అరచేతుల మధ్య పట్టి సందులోకి దించాను. దీపాలు పెట్టే వేళకు ఐదూ నిలబడ్డాయి. కళ్ళు మసకబారేంత అలసటలో కూడా, బాగున్నాయని నాకు తెలుసు.

పుస్తకంలో ఇంకో మాట ఉంది. పూలను రాత్రంతా లోతు నీళ్ళలో ఉంచి, తడిగుడ్డ కప్పి, గాలి తగలకుండా తలుపులు, కిటికీలు మూయాలి. మా ఆయన ఒక కిటికీ అన్నా తెరిచి పెడదామన్నాడు. గాలి తగిలితే పువ్వు వాడుతుందని పుస్తకంలో ఉందని చెప్పాను.

"ఆ బుక్కు రాసినామె బళ్ళారి యాడుండాదో చూసిందా?" అన్నాడు.

నాకు కోపం వచ్చింది. ఎనిమిది కిటికీలూ దగ్గరుండి మూయించాను.

తెల్లవారుజామున సంఘం సమాధుల తోటకు పోతుంటే, మేమిద్దరం తాళం తీసుకుని గుడికి పోయాం. తలుపు తెరవగానే ఉడికిన ఆకుకూర వాసన వచ్చింది. పగలంతా ఎండ తాగిన రాతి గోడలు రాత్రంతా ఆ వేడిని లోపలికి వదిలాయి. పోవడానికి దానికి నేను దారి ఉంచలేదు. గుడ్డలు తీసి చూశాను. జెర్బెరాలు మెడలు విరిగినట్టు వేలాడుతున్నాయి. గులాబీలు అంచుల్లో గోధుమరంగుకు తిరిగాయి. నేను ముందు వరస బల్ల మీద కూర్చున్నాను. మొదట వచ్చిన ఆలోచన చేతుల గురించే. వీటి వల్లే ఒకరోజు ముందు చెయ్యాల్సి వచ్చింది అనుకున్నాను. కానీ కిటికీలు మూసింది చేతులు కాదు కదా.

మైకులు సర్దడానికి టీచరు వచ్చింది. గుమ్మంలోనే ఆగిపోయింది. ఏళ్ళ తరబడి నేను కోరుకున్న ఆగడం అది కాదు.

"నాదే తప్పు. కిటికీలు మూయించింది నేనే" అన్నాను.

ఆమె దగ్గరికి వచ్చి, ఒక గంగాళంలోకి తొంగిచూసి, వలను వేలితో నొక్కింది. "ఇది నువ్వు అల్లినావా అక్కా?" అంది. తర్వాత, "నీళ్ళయితే ఉండాయి. ఇంకా ముప్పావుగంట ఉండాది. ఏం పెడదాం చెప్పు" అంది.

అప్పుడు నాకు కిటికీ గుర్తొచ్చింది. రెండు నెలల్లో మా ఎండకు ఏది ఎన్ని రోజులు ఆగుతుందో నా దగ్గర ఒక పుస్తకమంత ఉంది. సంఘం గ్రూపులో మెసేజి పెట్టమన్నాను. నేను చెప్తుంటే ఆమె రాసింది: సమాధుల తోట నుంచి వచ్చే దారిలో వేప, కానుగ, గన్నేరు, తంగేడు ఏది కనిపించినా మూరెడు కొమ్మ ఒకటి తెండి. మా ఆయన వాడిపోయిన పూలను లాగి గోనెసంచిలో వేశాడు. వలలు చెక్కుచెదరకుండా ఉన్నాయి. కిటికీలన్నీ తెరిచాం.

కాసేపటికి ఒక్కొక్కరే రాసాగారు. చేతిలో బైబిలు, ఇంకో చేతిలో కొమ్మ. మసిబారిన వేళ్ళకు కొవ్వొత్తుల మైనం. సంఘ పెద్ద ఒకాయన గుమ్మం దగ్గర వేపకొమ్మలు చూసి ముఖం చిట్లించాడు. వేపపూత ఉగాదికి వాడేది, మన పండగకు గుళ్ళోకి తేవడం ఏం పద్ధతని టీచరును అడిగాడు. ఆమె నా వైపు చూసింది.

కర్ర ఊతతో అప్పుడే మెట్లెక్కిన పెద్దమ్మ ఆయన పక్కనే ఉంది. "ఏమప్పా, చెట్టుకు కూడా బాప్తిస్మం ఇయ్యల్లా ఏంది?" అంది.

వెనకనున్న వాళ్ళు నవ్వారు. ఆయనా నవ్వక తప్పలేదు. కాసేపటికి ఆయనే బయటికి పోయి, కాంపౌండు గోడ పక్కనున్న గన్నేరు నుంచి గుత్తి కోసుకొచ్చాడు.

తర్వాత అరగంట ఎట్లా గడిచిందో నాకు సరిగా గుర్తులేదు. కొందరు తమ కొమ్మను తామే గుచ్చారు. ఏ సందులో ఏది పెట్టాలో నేను చెప్పాను, లావు కొమ్మ మధ్యకు, సన్నది అంచుకు. టీచరు దూరంగా నిలబడి ఎత్తులు చూసి, ఎడమపక్క స్వల్ప తక్కువుందని, కుడిపక్క ఎక్కువయిందని చెప్తూ ఉంది. వేగిరపడుతున్న జనం చేతికందిన రెమ్మల్ని నాకు అందిస్తున్నారు, నేను తీసుకుని పెడుతున్నాను. ఒకామె సన్నటి మల్లెతీగ ముక్క ఇచ్చింది, దాన్ని అంచున చిన్న కన్నులో పెట్టి ఇంకోదానికి చెయ్యి చాపాను. మొదటి పాట మొదలయ్యేసరికి ఐదు గంగాళాలూ నిండాయి. పుస్తకంలో ఉన్నట్టు లేవు. ఎత్తులు కుదరలేదు, రంగులు సరిపడలేదు. వేపపూత వాసన మాత్రం వెనక బల్లల దాకా పోయింది. కానుగపూలతో పాటు తేనెటీగలు కూడా వచ్చాయి. దేవుని వాక్యం చెప్తూ పాస్టరు మధ్యలో రెండుసార్లు కాగితంతో విసురుకున్నాడు, అంతే, వాటిని బయటికి తరమమనలేదు.

ఇంటికొచ్చి చేతులు కడుక్కోబోయాను. గన్నేరు కొమ్మ తుంచితే పాలు కారుతాయి, అవి ఆరితే బంకగా అంటుకుంటాయి. అరచేతులు చూసుకున్నాను. ఇన్నాళ్ళూ కొమ్మలు పట్టింది వాటితోనే, కానీ శుభ్రంగా ఉన్నాయి. కుడిచేతి బొటనవేలి కొన మీద, చూపుడువేలి కొన మీద మాత్రం నల్లటి బంక. రెండిటినీ దగ్గరికి తెచ్చాను. కలిసి అతుక్కున్నాయి. విడదీశాను. మళ్ళీ కలిపాను.

మా ఆయనను పిలిచి చెయ్యి చూపించాను. ఆయన చూసి, సబ్బు తెచ్చాడు. "బేగ కడుక్కోమే, గన్నేరు పాలు విషం" అన్నాడు. అది కాదప్పా, అరచెయ్యి చూడు, వేళ్ళు చూడు అన్నాను. ఆయనకు కాస్త సమయం పట్టింది. ఆ తర్వాత సబ్బును గట్టు మీద పెట్టి, నా రెండు వేళ్ళనూ తన వేళ్ళతో పట్టుకుని, పేజీ తిప్పినట్టు మెల్లగా అటూ ఇటూ తిప్పి చూశాడు.

ఆ తర్వాత రెండు రోజులు గ్లాసు కూడా ఎత్తలేకపోయాను. చేతులు మోచేతుల దాకా సలిపాయి. మూడో రోజున టీచరు ఫోన్ చేసి, ఈస్టరుకు ఏడు వారాల తర్వాత వచ్చే పెంతెకొస్తు పండగకు కూడా ఐదు వలలు కావాలని, ఈసారి తనకూ అల్లడం నేర్పమని అడిగింది. నేను వెదురు సూదులు తీసుకున్నాను. ఎనిమిది వరసలు అల్లాక నొప్పి మొదలైంది. నొప్పి వస్తే ఆపెయ్యమని పెద్దమ్మ చెప్పినట్టు అక్కడికి ఆపి, మిగతాది రేపటికి పెట్టాను.